మాడు వాసన

"అమ్మా, ఏదో మాడుతోంది చూడవే," అన్నాడు భీమరాజు అరుగు మీద నుంచి.

తెల్లవారుతుంటే గోదావరి మీద నుంచి వచ్చాడు. వల దండెం మీద ఆరేసి, కాళ్లు కడుక్కుని చద్దన్నం ముందు కూర్చున్నాడు. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు సూరమ్మ చేపల గంప ఎక్కడిదక్కడ వదిలేసి వంటపాకలోకి దూసుకుపోయింది.

"ఏంటే మాడబెట్టావు?"

"ఏమీ మాడలేదత్తా. ఇప్పుడే ఎసరు పెట్టాను. బియ్యమైనా పొయ్యలేదు," అంది లోవలక్ష్మి పొయ్యి ముందు నుంచి లేవకుండానే.

మాట నిజమే. ఎసట్లో నీళ్లింకా కాగనే లేదు. కానీ కోడలు చెప్పిన మాట నమ్మేస్తే ఆవిడ సూరమ్మ ఎందుకవుతుంది? మూతలన్నీ ఎత్తి చూసింది. ఉట్టి మీది దుత్త దించి వాసన చూసింది. పొయ్యి వెనక చెయ్యి పెట్టి తడిమింది. చివరికి కోడలి కొంగు పట్టి లాగి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎక్కడా ఏమీ దొరక్కపోయేసరికి ఒళ్లు మరింత మండింది.

"మాడిన కుండ ఎక్కడ దాచావో చెప్పు. నిప్పు లేందే పొగ రాదు. నా కొడుక్కి ముక్కు లేదనుకున్నావా?"

"దాచడానికి మనింట్లో ఉన్నయ్యే మూడు కుండలు. మూడూ నీ ఎదురుగానే ఉన్నాయి, చూసుకో."

"చూశావురా దాని నోరు!"

అరుగు మీద నుంచి జవాబు రాలేదు. లోవలక్ష్మి అత్త భుజం మీదుగా మొగుడి వైపు చూసింది. రెప్ప వెయ్యకుండా చూసింది. మొగుణ్ణి కళ్లతోనే కట్టిపడేస్తోంది మాయదారిది, అనుకుంది సూరమ్మ. తను మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు.

కాసేపటికి, "పోయిందిలే అమ్మా. పొరుగింట్లోదేమో," అన్నాడు భీమరాజు నుదురు రుద్దుకుంటూ.

"పొరుగింట్లో పొయ్యే వెలగలేదు. నువ్విలా వెనకేసుకొస్తుంటేనే అది నెత్తికెక్కింది."

రాజమండ్రికీ కొవ్వూరుకీ మధ్య గోదావరిలో రైలు వంతెన స్తంభాలు లేస్తున్న రోజులవి. సూరమ్మ ఇల్లు ధవళేశ్వరం ఆనకట్ట దిగువన, చేపలు పట్టేవాళ్ల పేటలో ఉంది. మొగుణ్ణి వరద మింగేసినప్పుడు భీమరాజు చంటిపిల్లాడు. గంప నెత్తిన పెట్టుకుని రాజమండ్రి వీధుల్లో చేపలమ్మి వాణ్ణి పెంచింది. తమ్ముడు సత్తియ్య కూతుర్ని కోడలిగా తెచ్చుకోవాలన్నది ఆవిడ కోరిక. వాడేమో కొవ్వూరు రేవులో చూసిన పిల్లనే చేసుకుంటానని మొండికేశాడు. పెళ్లయి అయిదేళ్లయింది, మనవరాలు పాపాయికి మూడేళ్లు నిండాయి. సూరమ్మ కోపం మాత్రం పెళ్లినాటిదే, విరగలేదు, వంగలేదు, ఎండుచేపలాగా ఎండుతూ ఉంది.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అనలేదు. దీపావళి వెళ్లాక ఒకనాడు భీమరాజు మొదటిసారి మాడు వాసనన్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో యుద్ధానికి సాకు వెతుక్కోవలసిన పని లేకపోయింది. మొదట్లో వారానికొకసారి అనేవాడు. ఆషాఢం వచ్చి ఎర్రనీరు దిగేసరికి రోజూ అంటున్నాడు. పులసలు ఎదురెక్కే కాలం, పేటంతా నీళ్ల మీదే ఉండే కాలం. అలాంటప్పుడు కూడా వాడు రెండు పూటలు నావ ఎక్కకుండా తలనొప్పని పడుకున్నాడు. పొద్దున్నే కక్కుకున్నాడు. పెళ్లాం వంట అలా ఏడిసింది మరి, అని సూరమ్మ పేటంతా చెప్పింది.

ఆ మర్నాడే చూరు కింద ఆకు పొట్లం కనబడింది.

సూరమ్మ ఎండుచేపల తట్ట అందుకుందామని చెయ్యి పెడితే వేళ్లకు తగిలింది. విప్పితే నల్లటి పొడి, ఘాటుగా ఉంది. మొన్న పొద్దున కోడలు వీపు తిప్పుకుని భీమరాజు గంజిలో ఏదో కలపడం తను చూసింది. ఉప్పేలే అనుకుంది. ఇదా సంగతి! మొగుణ్ణి కొంగుకు కట్టుకోవడానికి మందు పెట్టే ఆడవాళ్ల కథలు సూరమ్మ చిన్నప్పటి నుంచీ విన్నదే. ఆ మందు వికటించి మగాడు ఎండిపోయి చచ్చిన కథలు ఇంకా ఎక్కువ విన్నది. పొట్లం మళ్లీ కట్టి రొండిన దోపుకుంది. ఆ రాత్రంతా కోడలు చూరు తడుముకోవడం, మొహం పాలిపోవడం ఓరగా చూస్తూ పడుకుంది.

తెల్లవారి భీమరాజు వచ్చి అరుగు మీద కూర్చున్నాక సూరమ్మ వంటపాకలోకి వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పొట్లం తీసి కోడలి మొహం ముందు ఆడించింది.

"ఏంటే ఇది?"

లోవలక్ష్మి చేతిలో గరిటె జారిపోయింది. "అత్తా, అదిలా ఇచ్చెయ్యి."

"ఇస్తాను. ముందు ఇదేంటో చెప్పు. ఎవడి దగ్గర తెచ్చావు? నా కొడుకు గంజిలో ఎన్నాళ్ల నుంచి కలుపుతున్నావు?"

"మందు అత్తా. ఆయనకి..."

"మందే! నాకు తెలీదా మందని! నాకు పుట్టినవాణ్ణి నాకు కాకుండా చెయ్యడానికి పెట్టిన మందు!"

"నీకు దణ్ణం పెడతాను, గట్టిగా అరవకు. నేను చెప్పకూడదు. ఒట్టు వేయించుకున్నాడు."

"ఎవడే నీతో ఒట్టు వేయించుకున్నది? ఏ మంత్రగాడు?"

అరుగు మీద నుంచి భీమరాజు గొంతు వినబడింది. ఎందుకో నెమ్మదిగా, దూరం నుంచి వచ్చినట్టుంది.

"అమ్మా, ఏదో మాడుతోందే."

సూరమ్మ తల తిప్పలేదు. "మాడక చస్తుందా! నీ కొంపే మాడుతోందిరా, నీ పెళ్లాం చేతిలో!"

దబ్బుమని చప్పుడైంది. కంచం దొర్లుకుంటూ వాకిట్లోకి పోయింది.

సూరమ్మ గుమ్మంలో తిరిగి చూసేలోపే లోవలక్ష్మి ఆమెను తోసుకుని పరుగెత్తింది. భీమరాజు అరుగు కింద విరుచుకు పడి ఉన్నాడు. ఒళ్లు కర్రలాగా బిగిసి, ఎగిరెగిరి పడుతోంది. పళ్లు కరుచుకుపోయాయి, పెదాల చివర నురగ తేలింది. లోవలక్ష్మి అతన్ని పక్కకు తిప్పింది. బొడ్లో నుంచి పెట్టె తాళంచెవి లాగి అతని గుప్పిట్లో పెట్టి వేళ్లు మూసింది. ముందే అలవాటున్న పనిలాగా చకచకా చేసింది.

"మూర్ఛోడికి పెట్టినట్టు ఇనుము పెడతావేంటే నా కొడుక్కి!" సూరమ్మ ఆ తాళంచెవి గుంజి వాకిట్లోకి విసిరేసింది. "నా వంశంలో మూర్ఛ లేదు! వాడి చేతిలో పెట్టాల్సింది ఇనుము కాదు, నువ్వు పెట్టింది కక్కించాలి!"

పేట పేటంతా వచ్చి పడింది. వాడి ఒంట్లో ఒక ఊపు తగ్గేలోపు ఇంకొకటి వచ్చింది. మధ్యలో ఒక్కసారైనా కళ్లు తెరవలేదు. ఎండ అరుగు దాకా రాకముందే భీమరాజు ఊపిరి ఆగిపోయింది. వాడికి ఇరవై ఏడేళ్లు. ముందునాడు ఆనకట్ట కింద ఒంటిచేత్తో వల లాగిన మనిషి.

ఎవరో నురగ అన్నారు. ఇంకెవరో విషమన్నారు. పక్కింటి తలుపులమ్మ నోటి మీద వేలేసుకుని లోవలక్ష్మి వైపు చూసింది. సూరమ్మ ఏడవలేదు. కొడుకు తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని, రెండో చేత్తో రొండిన మళ్లీ దోపిన పొట్లం గట్టిగా పట్టుకుంది.

సత్తియ్య పడవ కట్టి పరుగున వచ్చాడు. అక్క కొడుకుతో పదేళ్లుగా ఒకే నావ మీద తిరిగిన మనిషి. శవాన్ని చూసి చతికిలబడ్డాడు. కాసేపయ్యాక కులపెద్దలతో మాట్లాడి వచ్చి, పొద్దు వాలకముందే దహనం కానిద్దామనీ, ఆ పిల్లని పుట్టింటికి పంపేద్దామనీ అన్నాడు.

"పంపడానికి అది చుట్టపుచూపుకి వచ్చిందా? నా కొడుకుని చంపడానికి వచ్చింది. ఠాణాకి కబురు పెట్టు."

"అక్కా, ఠాణా అంటే ఊరికే పోదు. రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకుపోతారు. పీనుగుని కోస్తారు. కోయిస్తావా వాణ్ణి?"

"కోయించండి! పొట్టలో ఇది పెట్టింది బయటపడాలి. ఇది ఉరికంబం ఎక్కడం నేను చూడాలి. పాపాయిని మాత్రం దీని నీడ పడకుండా నేనే పెంచుకుంటాను."

అంతవరకూ గోడకు ఆనుకుని కొయ్యబారినట్టున్న లోవలక్ష్మి వచ్చి ఆమె కాళ్ల మీద పడింది.

"వద్దత్తా. ఆయన్ని కోయించకు. నీకు కావాలంటే నేనే పెట్టానని చెబుతాను. నన్ను ఉరి తీయించు. ఆయన ఒంటి మీద కత్తి పడనీకు."

"విన్నారా? అందరూ విన్నారా? దాని భయం చూశారా?"

"భయం కాదు. ఇంక ఒట్టు లేదు, ఏమీ లేదు. చెబుతాను వినండి." లోవలక్ష్మి లేచి నిలబడింది. "ఆయనకి మూర్ఛలొస్తున్నాయి. ఉగాది నుంచి నాలుగుసార్లు వచ్చాయి, తెల్లవారుజామున, నిద్దట్లో. అమ్మకి చెప్పొద్దు, మావయ్యకి చెప్పొద్దు, తెలిస్తే నావ ఎక్కనివ్వరు, అని పాపాయి తల మీద నా చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నాడు. కొవ్వూరులో వైద్యుడిచ్చిన పొడి అది. అది కలపమన్నదీ ఆయనే."

మూర్ఛ ఉన్నవాణ్ణి నావ ఎక్కనివ్వకూడదని ఆ పేటలో కట్టుబాటు. గోదావరి నడుమ ఒకడు విరుచుకు పడితే నావలో ఉన్న నలుగురి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి ఇంటి పిల్లని చేసుకోవడానికి కూడా ఎవరూ ముందుకు రారు.

సత్తియ్య గొంతు సవరించుకున్నాడు. "అక్కా... పోయిన నెల్లో ఒకనాడు వల లాగుతూ తాడు వదిలేశాడు. పిలిస్తే పలకలేదు. నోట్లో ఏమీ లేకుండానే ఏదో నములుతున్నాడు. నిద్ర చాలక అనుకున్నాను. ఈ పిల్ల చెప్పేది..."

"నువ్వు కూడానా! నీ కూతుర్ని చేసుకోలేదని ఇన్నాళ్లకి కక్ష తీర్చుకుంటున్నావురా తమ్ముడూ? నా కొడుకు చచ్చాక వాడికి మూర్ఛోడని పేరు పెడతారా? నా మనవరాలి బతుకు బుగ్గి చేస్తారా?" సూరమ్మ లేచి కొంగు బిగించింది. "ఎవరూ రాకపోతే ఠాణాకి నేనే పోతాను."

పోయింది కూడా. హెడ్డు కానిస్టేబు వచ్చి పొట్లం తీసుకుని, వాళ్లనీ వీళ్లనీ అడిగి, శవాన్ని సత్తియ్య ఎడ్లబండిలో ఎక్కించాడు. పాపాయిని చంకనేసుకుని లోవలక్ష్మి కానిస్టేబు పక్కన నడిచింది. ధవళేశ్వరం నుంచి రాజమండ్రి దాకా సూరమ్మ ఆమె వీపునే చూస్తూ తిట్టుకుంటూ నడిచింది. తిట్టడం ఆపితే ఏడుపు వస్తుందని ఆవిడకి తెలుసు.

ఆసుపత్రి వరండాలో ఈ చివర అత్త, ఆ చివర కోడలు కూర్చున్నారు. పాపాయి ఆకలని ఏడ్చింది. సూరమ్మ ఇటు రమ్మని చెయ్యి చాపితే, పిల్ల తల్లి భుజంలో మొహం దాచుకుంది. అదీ కోడలి తప్పే అనుకుంది సూరమ్మ.

సాయంత్రం అవుతుండగా తెల్లచొక్కా వేసుకున్న కాంపౌండరు బయటికి వచ్చాడు. జ్ఞానప్రకాశం అని ఆయన పేరు, అక్కడి లూథరన్ గుడికి వెళ్లే మనిషి. చచ్చినవాడి తల్లి ఎవరని అడిగి సూరమ్మను లోపలి గదిలోకి తీసుకువెళ్లాడు. హెడ్డు కానిస్టేబు కూడా వచ్చాడు. డాక్టరు దొర చేతులు తుడుచుకుంటూ బల్ల వెనక నిలబడి ఉన్నాడు. ఇంగ్లీషులో ఏదో అడిగాడు.

"అమ్మా, దొరగారు ఒక్క మాట అడగమంటున్నారండి," అన్నాడు జ్ఞానప్రకాశం. "బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. మీ అబ్బాయి ఎప్పుడైనా లేని వాసన వస్తోందని అనేవాడా? ఏదో కాలుతున్నట్టు, కుళ్లినట్టు?"

సూరమ్మకి ప్రశ్న అర్థం కాలేదు. పొట్టలో ఏం దొరికిందో చెబుతారనుకుని వచ్చింది. ఇదేం ప్రశ్న? మరుక్షణంలో అర్థమైంది. బల్ల పట్టుకుంది.

"మాడు వాసనండి," అంది.

"ఎన్నాళ్ల నుంచండి?"

"దీపావళి అప్పణ్ణుంచి. మొదట్లో వారానికోసారి అనేవాడండి. ఈ నెల్లో రోజూ అన్నాడు. ఇవాళ పొద్దున కూడా అన్నాడండి. అదే ఆఖరి మాట," అంది.

దొర తలూపి కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత తన చెవికి కాస్త పైన వేలు పెట్టి చూపిస్తూ చాలాసేపు మాట్లాడాడు. ఆయన ఆగిన చోటల్లా జ్ఞానప్రకాశం మెల్లగా తెలుగులో చెప్పాడు.

"పొట్టలో విషం జాడ లేదండి. ఆ పొట్లంలో ఉన్నది ఏవో వేళ్లు, మిరియాలు, సొంఠి. చంపేది ఏదీ లేదు అందులో, బతికించేదీ లేదు. మీ అబ్బాయి తల్లో, ఇదిగో ఇక్కడ, మెదడులో గడ్డ పుట్టిందండి. పెద్ద ఉసిరికాయంత ఉంది. ఎవరూ పెట్టింది కాదు. ఆ తలనొప్పి, ఆ వాంతులు, ఆ మూర్ఛలు, అన్నీ దాని వల్లే. ఆ వాసన కూడా దాని వల్లేనండి. బయటెక్కడా ఏదీ మాడలేదు. అతనికి మాత్రం నిజంగానే వచ్చేది."

"ముందే తీసుకొచ్చుంటే బతికేవాడాండి?"

జ్ఞానప్రకాశం దొరను అడిగాడు. దొర తల అడ్డంగా ఊపాడు.

"మా దగ్గరా మందు లేదమ్మా. ఏ రోజైనా ఇలా పోయేవాడే. మీరు చెయ్యగలిగింది ఏమీ లేదండి."

ఆ మాట ఓదార్పుగానే అన్నాడాయన. సూరమ్మకి మాత్రం అది ఓదార్పు కాలేదు. చెయ్యగలిగింది ఒకటుంది. వాడు ఆ మాటన్నప్పుడు వాడి పక్కన కూర్చోవచ్చు. తొమ్మిది నెలలు, తను అది తప్ప అన్నీ చేసింది. కొడుకు లేని మంటకి ఉక్కిరిబిక్కిరి అవుతుంటే తను వంటపాకలో కుండల మూతలు ఎత్తి చూసింది. ఆఖరికి వాడి తల కోయించింది కూడా తనే.

బయట హెడ్డు కానిస్టేబు లోవలక్ష్మికి సంగతి చెప్పి, నువ్వు పోవచ్చమ్మా అన్నాడు. సూరమ్మ వరండాలోకి వచ్చి కోడలి ఎదురుగా నిలబడింది. ఏదో అనాలని నోరు తెరిచింది.

"నమ్మావా అత్తా?" అంది లోవలక్ష్మి. కళ్లలో తడి లేదు. "కట్టుకున్నదాన్ని కాళ్ల మీద పడి చెబితే నమ్మలేదు. తోడబుట్టినవాడు చెబితే నమ్మలేదు. దొర కత్తితో కోసి చెబితే నమ్మావు. ఇంక నాతో మాట్లాడకు."

బండిలో శవం పక్కన లోవలక్ష్మి కూర్చుంది. తెల్లగుడ్డ చుట్టిన ఆ తల అదరకుండా తన ఒళ్లో పెట్టుకుంది. రెండో పక్కన పాపాయి నిద్రపోతోంది. సూరమ్మకి ఎవరూ చోటు చూపించలేదు, ఆవిడా అడగలేదు. నాలుగు మైళ్లూ బండి వెనకే నడిచింది. ఈసారి తిట్టుకోలేదు.

ఆ తర్వాత పదకొండు రోజులూ ఆ ఇంట్లో మాటల్లేవు. సూరమ్మ గంప ఎత్తలేదు. పొయ్యి ముందుకు వెళ్లలేదు. కోడలు కంచం ముందు పెడితే తినేది, పెట్టకపోతే లేదు. పేటలో ఆడవాళ్లు పలకరించడానికి వచ్చి ఆవిడ గొంతు వినకుండానే వెళ్లిపోయారు. సూరమ్మ గొంతు వినబడని పొద్దు ఆ పేటకి అదే మొదలు. దినం అయిన మర్నాడు లోవలక్ష్మి తండ్రి ఆశలన్న కొవ్వూరు నుంచి పడవ వేసుకుని వచ్చాడు. కూతుర్నీ మనవరాలినీ తీసుకుపోతానన్నాడు. సత్తియ్య ఏదో అడ్డం చెప్పబోతే, "నా బిడ్డని ఉరికంబం దాకా నడిపించిన ఇంట్లో ఉంచమంటారేంటండి?" అన్నాడు.

తండ్రికి ఇంత వండి పెట్టి బయల్దేరదామని లోవలక్ష్మి పొయ్యి వెలిగించింది. అన్నం ఉడుకుతుండగా దండెం మీద భీమరాజు వల కనబడింది. పన్నెండు రోజుల క్రితం అతను ఆరేసింది ఆరేసినట్టే ఉంది, ఎవరూ తియ్యలేదు. దాని వైపు చూస్తూ అలాగే ఉండిపోయింది.

సూరమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఉన్నట్టుండి గబుక్కున తల ఎత్తింది. మొహంలో రక్తం లేదు. గోడ పట్టుకుని లేచి, తూలుతూ వంటపాక గుమ్మం దాకా వచ్చింది. పదకొండు రోజుల తర్వాత ఆవిడ నోరు విప్పడం అదే.

"లక్ష్మీ... ఏదో మాడు వాసన వస్తోందే." "నీక్కూడా వస్తోందా? నాకొక్కదానికేనా?"

లోవలక్ష్మి ఉలిక్కిపడి కుండ వైపు చూసింది. అన్నం నిజంగానే అడుగంటి పొగలొస్తోంది.

"నిజంగానే మాడింది అత్తా. నాకూ వస్తోంది," అంది కుండ దించుతూ.

సూరమ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది. కోడలి చేతిలో కుండ లాక్కుని, కాలుతున్నా వదలకుండా, మాడిన అడుగు గీకి తన ముందు పెట్టుకుంది.

"వాడూ ఇలాగే అడిగాడు కదే. ఏదో మాడుతోంది చూడవే అని అడిగాడు. అన్నిసార్లూ నేను కుండల వంకే చూశాను. ఒక్కసారి వాడి మొహం చూడలేదు. ఒక్కసారి చూసుంటే నాకు తెలిసిపోయేది. నేను కన్నదాన్ని కదా, తెలిసిపోయేదే." మాడు ముద్ద నోట్లో పెట్టుకుంది, మింగలేకపోయింది. "నువ్వు వెళ్లు. మీ నాన్న వచ్చాడు. ఉండమనే నోరు నాకు లేదు. పులసల కాలంలో పాపాయిని ఒక్కసారి తీసుకొచ్చి ఒడ్డు మీద నుంచైనా చూపించు, అంతే."

లోవలక్ష్మి ఎదురుగా కూర్చుని, కాలిన ఆ చేతిని తీసి చల్లటి నీళ్ల ముంతలో పెట్టింది.

"నీకు ఒకటి చెప్పకూడదనుకున్నాను," అంది. "కోపంతో. నువ్వు కుళ్లి కుళ్లి చావాలని. చెప్పకుండానే వెళ్లిపోదామనుకున్నాను."

సూరమ్మ తల ఎత్తలేదు.

"నువ్వు నన్నలా తిడుతుంటే ఆయనెందుకు అడ్డం రాడని ఒకసారి దెబ్బలాడాను. అప్పుడు చెప్పాడు. ఆ వాసన వచ్చినప్పుడు అంతా నల్లగా అయిపోద్దంట. తను ఎక్కడున్నాడో, ఎవరో కూడా తెలీదంట. అందులోంచి ముందు వినబడేది నీ అరుపేనంట. 'అమ్మని తిట్టనియ్యే లచ్చీ, నీళ్లలో పడ్డవాడికి తాడు దొరికినట్టుంటాది, ఆ గొంతు పట్టుకునే నేను పైకొస్తాను' అన్నాడు. అందుకేనే అత్తా, నేను అన్నాళ్లూ నీతో పడ్డాను. పోనీలే, ఆయనకి వినబడుతోంది కదా అని పడ్డాను. ఆ రోజు కూడా నువ్వు అరుస్తూనే ఉన్నావు. వినే ఉంటాడు. తాడు అందలేదంతే."

ముంతలో సూరమ్మ చెయ్యి కోడలి చేతిని వెతికి పట్టుకుంది.

వాకిట్లో ఆశలన్న దగ్గాడు. "అమ్మాయ్, పొద్దెక్కితే గాలి తిరుగుద్ది. పదండి."

"ఇవాళ కాదు నాన్నా. అన్నం మాడిపోయింది, మళ్లీ వండాలి. నువ్వు తిని వెళ్లు," అంది లోవలక్ష్మి.

తర్వాత అత్త వైపు తిరిగింది. ఆసుపత్రి వరండాలో రాని కన్నీళ్లు ఇప్పుడు చెంపల మీదుగా జారిపోతున్నాయి.

"పదకొండు రోజులైంది ఈ ఇంట్లో నీ గొంతు లేక. ఉండలేకపోతున్నాను. ఒక్కసారి తిట్టత్తా."

సూరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ మాడిన కుండ వంక చూసింది. ఎప్పటిలాగే మెడ నిక్కించి గొంతెత్తింది.

"అన్నం అడుగంటేదాకా ఏం చేస్తున్నావే, నీ కళ్లు..."

అక్కడితో గొంతు తెగిపోయింది. లోవలక్ష్మి ఆవిడ తలను దగ్గరకు తీసుకుని గుండెకు హత్తుకుంది. అరుగు మీద నుంచి పాపాయి లేచి వచ్చి, ఇద్దరిలో ఎవరి ఒళ్లో కూర్చోవాలో తెలియక, ఇద్దరి మధ్యా చోటు చేసుకుని కూర్చుంది.